పిలగాడు ఏ కాగితం మీద ఉన్నడు? అమెరికా మిలిటరీ, కోర్టుల భయాలు తీర్చుకునే పద్ధతి

హనుమకొండ అదాలత్ దిక్కు ఏ చాయ్ హోటల్ల కూసున్నా అమెరికా చట్టం మొత్తం అరగంటల వినొచ్చు. గ్రీన్ కార్డు వస్తే పోరగాళ్లను యుద్ధానికి గుంజుకపోతరట. ఆర్మీల చేరితే తెల్లారే సిటిజన్‌షిప్ అట. కేసయితే జడ్జి “జైలుకు పోతవా, మిలిటరీకి పోతవా” అని అడుగుతడట. చెప్పేటోళ్లు గట్టిగ చెప్తరు, వినేటోళ్లు రాత్రికి నిద్రపోరు.

నేను ఆర్మీల క్లర్కుగ చేరి సుబేదారుగ దిగిన. ఇప్పుడు తోటి మాజీ సైనికుల పింఛన్ కాగితాలు, జీవన్ ప్రమాణ్, వీసా ఫారాలు చూసిపెడుత. మా అక్క కొడుకు గ్రీన్ కార్డు మీదనే అమెరికా ఆర్మీల చేరిండు, టెక్సాస్‌ల ఫోర్ట్ హుడ్‌ల ఉంటడు. (ఆ కంటోన్మెంట్ పేరు 2023ల ఫోర్ట్ కవాజోస్ అని మార్చి, 2025ల మళ్ల హుడ్ అనే చేసిన్రు. ఉత్తరాల మీద రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడకుండ్రి.) అందుకే మిలిటరీ అన్నా, అమెరికా అన్నా జనం నా దగ్గరికే వస్తరు. నేను లాయరును కాదు. కాగితం చదువుడు మాత్రం వచ్చు.

ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే ప్రశ్న: మీ పిలగాడు ఏ కాగితం మీద ఉన్నడు? ఆ జవాబు లేకుంట మిగిలిన ఏ ప్రశ్నకూ జవాబు లేదు. ఒకరికి నిజమైన మాట పక్కింటోళ్లకు అబద్ధం అయ్యేది ఇక్కడ్నే.

ముందుగాల కాగితం తెప్పించుకోండి

ఎఫ్-1 మీద చదువుకునేటోళ్లు, హెచ్-1బీ మీద కొలువు చేసేటోళ్లు, వాళ్ల వెంట హెచ్-4 మీద పోయిన భార్యాపిల్లలు: వీళ్లంత వీసా మీద ఉన్నోళ్లు. గ్రీన్ కార్డు వాళ్ల పాస్‌పోర్టు ఇంకా మనదే, ఉండుడు మాత్రం అక్కడ పర్మినెంట్. సిటిజన్ అయినోళ్లు పూర్తిగ అమెరికన్లు. ఇగ మనోళ్లు మర్చిపోయే ఇంకో రకం ఉన్నరు. అక్కడ పుట్టి ఇక్కడ నక్కలగుట్టలనో, నయీంనగర్లనో అమ్మమ్మ తాతల దగ్గర పెరిగే పిల్లలు. చేతిల ఓసీఐ కార్డు (వేరే దేశం పౌరులైన మనోళ్లకు మన సర్కారు ఇచ్చే కార్డు) ఉంటది, బతుకమ్మకు తంగేడు పువ్వు కోసుకొస్తడు, “మనోడే కదా” అనుకుంటం. అమెరికా చట్టానికి మాత్రం వాడు పుట్టిన్నాటి నుంచి అమెరికనే.

ఫోన్ల అడిగితే “అంత మంచిగనే ఉంది బాపూ” అంటరు. ఫొటో పంపుమనండి. పాస్‌పోర్టు మొదటి పేజీ, ఐ-94 ప్రింటు, చదువుకునేటోడైతే కాలేజీ ఇచ్చే ఐ-20, గ్రీన్ కార్డు ఉంటే రెండు దిక్కులా. పాస్‌పోర్టుల అతికించిన వీసా ఆ దేశం దర్వాజ దాకనే పనికొస్తది. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చు అనేది ఐ-94 చెప్తది. వీసా తారీఖు అయిపోయిందని ఏడ్చేటోళ్లను చూసిన, ఐ-94 గడువు దాటినా నిమ్మలంగ ఉన్నోళ్లనూ చూసిన.

సెలెక్టివ్ సర్వీస్: ఎక్కువ మంది భయపడేది దీనికే

పద్దెనిమిది నిండిన పిలగానికి సెలెక్టివ్ సర్వీస్ అని ఒక ఉత్తరం వస్తది. అది చూసి ఇక్కడ తల్లి ఏడుపు మొదలుపెడుతది. అది భర్తీ ఉత్తరం కాదు. ఎప్పుడన్న దేశానికి నిర్బంధ భర్తీ అవసరం పడితే పిలువనీకి తయారుగ పెట్టుకున్న పేర్ల జాబితా, అంతే. అమెరికాల నిర్బంధంగ సైన్యంలకు తీసుకునుడు 1973లనే ఆగిపోయింది. జాబితా రాసుడు 1975ల ఆపి, 1980ల మళ్ల షురూ చేసిన్రు. ఇయ్యాల మళ్ల పిలవాలంటే వాళ్ల కాంగ్రెస్ చట్టం చెయ్యాలె, ప్రెసిడెంట్ సంతకం పెట్టాలె. ఇప్పుడున్న అమెరికా సైన్యం మొత్తం సొంత ఇష్టంతోని చేరినోళ్లదే.

జాబితాల ఎవరు ఉండాలె? 18 నుంచి 25 ఏండ్ల మగపిల్లలల్ల సిటిజన్లు, గ్రీన్ కార్డు వాళ్లు ఉండాలె. సరైన కాగితం లేకుంట ఉంటున్నోళ్లకు కూడ ఇదే రూలు. పద్దెనిమిది నిండినంక 30 రోజుల్ల, లేకుంటే ఆ వయసుల గ్రీన్ కార్డు మీద దేశంలకు వచ్చినంక 30 రోజుల్ల పేరు ఎక్కాలె. ఆడపిల్లలకు లేదు. మగపిల్లలకే ఎందుకని 1981ల సుప్రీంకోర్టు దాక పోయిన్రు, కోర్టు తప్పులేదన్నది.

ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4 మీద సక్రమంగ ఉన్నోళ్లకు అవసరం లేదు. “సక్రమంగ” అన్నది గట్టిగ గుర్తుపెట్టుకోండి. కాలేజీ మానేసి ఎఫ్-1 పోగొట్టుకున్నోనికి ఆ మినహాయింపు కూడ పోతది. హెచ్-4 మీద పెరిగిన పిలగానికి ఇరవై రెండేండ్లప్పుడు గ్రీన్ కార్డు వస్తే, ఆ రోజు నుంచి లెక్క మొదలైతది. మన ఇండ్లల్ల చానామంది తప్పేది ఇక్కడ్నే, ఎందుకంటే గ్రీన్ కార్డు వచ్చిన సంబురంల ఈ సంగతి ఎవరికీ యాదికుండది.

ఇక్కడ పెరిగే అమెరికా పౌరుల సంగతి కూడ ఇంతే. హనుమకొండల ఇంటర్ చదువుతున్నా సరే, పద్దెనిమిది నిండితే పేరు ఉండాలె. దూరంగ ఉన్నడని మినహాయింపు లేదు.

“మాకు ఒక్కడే కొడుకు, వానికి మాఫీ ఉంటదంట కదా” అని అడుగుతరు. లేదు. ఒక్కడే కొడుకైనా, చదువుకుంటున్నా, ఇంటికి వాడే ఆధారమైనా పేరు రాయాలె. మాఫీ అనే మాట పుట్టింది వేరే రూలు నుంచి: ఇంట్ల ఒకరు సైన్యంలనే ప్రాణం పోగొట్టుకుంటే మిగిలిన కొడుకును నిర్బంధంగ పిలిచేటప్పుడు చూసే రూలు అది. జాబితాకూ దానికీ సంబంధం లేదు.

పేరు రాయకుంటే చట్టం ప్రకారం అయిదేండ్ల జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాక జుర్మానా ఉంది. నిజానికి ఈ ఒక్కదాని కోసం జైలుకు పంపుడు దశాబ్దాల నుంచి లేదు. మరి దెబ్బ ఎక్కడ పడుతది? సిటిజన్‌షిప్ కాడ. ఇరవై ఆరు నిండినంక పేరు రాయించుకోరు, తలుపు మూసుకుంటది. ఆ తర్వాత ముప్పై ఒకటి దాక ఎప్పుడు సిటిజన్‌షిప్‌కు పెట్టుకున్నా “నాకు తెల్వక రాయలేదు, కావాలని కాదు” అని రుజువు చేసుకోవాలె. సర్కారు కొలువులకు కూడ ఇదే తంటా.

కాబట్టి చెయ్యాల్సింది ఏందంటే, సెలెక్టివ్ సర్వీస్ సొంత వెబ్‌సైటుల పిలగాని పేరు వెతికి, ఉన్నట్టు చూపించే కాగితం దించుకొని దాచిపెట్టుడు. చాలా రాష్ట్రాలల్ల డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తుతోనే పేరు దానంతట అదే ఎక్కుతది, అయినా ఎక్కి ఉంటది లే అని ఊకోకుండ్రి. వీసా మీద ఉండి అవసరం లేనోళ్లు కూడ 18 నుంచి 26 దాక ఉన్న ఐ-20లు, ఐ-94లు, హెచ్-1బీ మంజూరు కాగితాలు పారెయ్యద్దు. పదేండ్లకు “అప్పుడు ఎందుకు రాయలేదు” అని అడిగితే చూపెట్టేది అవే.

మాజీ సైనికులు వీసాకు పెట్టుకునేటప్పుడు

ఇది నా తోటోళ్ల కోసం. బిడ్డ కాన్పుకనో, మనవడి పుట్టినరోజుకనో అమెరికా పోవాలంటే డీఎస్-160 ఫారం నింపాలె. అందుల “మీరు ఎప్పుడన్న సైన్యంల పనిచేసిన్రా?” అని అడుగుతరు. తుపాకులు, పేలుడు పదార్థాల వంటి వాటిల శిక్షణ ఉందా అని ఇంకో ప్రశ్న. ఇది చూడంగనే మనోళ్లు బెదురుతరు. “అవును అంటే వీసా రాదు, లేదని కొట్టు” అని సలహా ఇచ్చే ఏజెంట్లు కూడ ఉన్నరు. నాకు కోపం వచ్చే మాట ఏదన్న ఉందంటే ఇదే.

మన ఫౌజుల నౌకరీ చేసిన్నని అమెరికా వీసా ఆపదు. అబద్ధం చెప్తే ఆపుతది, అదీ ఒక్కసారికి కాదు. కావాలని తప్పు చెప్పిండని రాసిన్రంటే ఇగ ముందట ఏ వీసాకు పోయినా అది వెంటాడుతది. అవును అని కొట్టండి. దేశం, విభాగం, ర్యాంకు, ఏ పని చేసిన్రు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాక అని డిశ్చార్జ్ బుక్కుల, పింఛన్ ఆర్డర్ల ఎట్లుంటే అట్లనే రాయండి. ఇన్‌ఫాంట్రీల రైఫిల్ పట్టినోడు శిక్షణ ప్రశ్నకు కూడ అవుననే చెప్పి, సైన్యంల మామూలు ఆయుధ శిక్షణ అని ఒక్క ముక్క రాస్తే సరిపోతది. నానక్‌రాంగూడ కాన్సులేట్‌ల అధికారి అడిగితే చిన్నగ, నిజం చెప్పండి. యూనిట్ ఏడ తిరిగింది, సరిహద్దుల ఏం చూసిన్రు అని కథలు మాత్రం చెప్పకుండ్రి, అది వాళ్లకు అక్కర లేదు, మనకు మర్యాద కాదు.

కొడుకు సిటిజన్ అయి మీకు గ్రీన్ కార్డు పెట్టినా మిలిటరీ రికార్డు అడుగుతరు. డిశ్చార్జ్ బుక్కు పాతదై చినిగిపోతుంటే ఇప్పుడే స్కాన్ చేయించుకోండి, రికార్డు ఆఫీసు నుంచి నకలు తెచ్చుకునుడు నెలల పని.

అమెరికా ఆర్మీల చేరుత అంటే

ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నోడు చేరలేడు. దాని మీద ఇంకా వాట్సాప్ మెసేజీలు తిరుగుతయి గనుక చెప్తున్న: మావ్ని అని ఒక పథకం 2009ల పెట్టిన్రు. అవసరమైన భాషలు వచ్చినోళ్లను, డాక్టర్లను, నర్సులను వీసా మీద ఉన్నా తీసుకున్నరు. 2016ల కొత్తోళ్లను తీసుకునుడు ఆపేసిన్రు. ఇప్పుడు దాని పేరు చెప్పి పైసలు అడిగేటోడు దొంగ.

గ్రీన్ కార్డు ఉన్నోళ్లు సిపాయిలుగ చేరొచ్చు. ఆఫీసర్ కావాలన్నా, రహస్య కాగితాలు చూసే పని కావాలన్నా సిటిజన్‌షిప్ ఉండాలె. ఇంజినీరింగ్ చదివినోడు “నాకు సైబర్ పని ఇస్తమన్నరు” అంటే ఆ మాట రిక్రూటర్ నోటితోని అన్నడా, కాగితం మీద ఉందా అని అడగండి. మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను చెప్పింది ఒక్కటే: “అరేయ్, డీడీ ఫారం 4, దాని అనుబంధాలు మొత్తం ఫొటోలు పంపు, అప్పుడే సంతకం.” ఆ ఫారమే ఒప్పందం. ఏ పని, ఎంత బోనస్, ఏ శిక్షణ అనేవి అనుబంధంల రాసి ఉంటేనే లెక్క. రిక్రూటర్ మంచోడే కావచ్చు, రేపు బదిలీ అయిపోతడు.

“నాలుగేండ్లే మామా” అన్నడు వాడు కూడ. మన అగ్నిపథ్ నాలుగేండ్లు చూసి అట్లనే అనుకుంటరు. అగ్నివీరు నాలుగేండ్లకు ఇంటికొస్తే ఆర్మీతోని ఇగ కట్టుబాటు ఉండది. అక్కడ మొదటిసారి చేరినోనికి మొత్తం కట్టుబాటు మామూలుగ ఎనిమిదేండ్లు. అందుల నాలుగు యూనిఫాంల చేస్తే, మిగిలిన నాలుగు రిజర్వుల పేరు ఉంటది. ఇంట్లనే ఉండొచ్చు, వేరే కొలువు చేసుకోవచ్చు, అవసరం పడితే మాత్రం పిలుస్తరు.

సంతకం పెట్టినంక మనసు మారితే? శిక్షణకు పోయే తారీఖు రాకముందు, పేరు మాత్రమే రాసుకున్న దశల ఉంటే, రాతపూర్వకంగ చెప్పి బయటికి రావచ్చు. జైలుల పెడుతమని బెదిరిస్తే నమ్మద్దు. రెండోసారి ప్రమాణం చేసి శిక్షణకు బస్సెక్కినంక సంగతి మారిపోతది. అప్పుడు రాజీనామా అనేది లేదు.

సిటిజన్‌షిప్, ఓసీఐ

చేరంగనే సిటిజన్ కాడు. దరఖాస్తు పెట్టాలె. ఎన్-400 ఫారం, దాంతోని ఆర్మీ ధ్రువీకరించే ఎన్-426. మిలిటరీల ఉన్నోళ్లకు ఎన్-400కు ఫీజు లేదు. 2001 సెప్టెంబర్ 11 నుంచి యుద్ధకాలంగనే లెక్క నడుస్తున్నది, అందుకని మామూలు గ్రీన్ కార్డు వాళ్ల లెక్క అయిదేండ్లు ఆగే పని లేదు. లాభం నిజంగనే పెద్దది. కానీ “ఆర్మీల ఉన్న, అయిపోయినట్టే” అని ఫారం పెట్టకుంట ఊకున్నోళ్లు, బయటికొచ్చినంక ఏదో కేసుల ఇరుక్కొని దేశం నుంచి పంపబడ్డోళ్లు ఉన్నరు. యుద్ధం చేసొచ్చిన సిపాయిలనే పంపిన్రు. ఇంకోటి, ఇట్ల వచ్చిన సిటిజన్‌షిప్ అయిదేండ్ల సేవ పూర్తి కాకముందు చెడ్డ పేరుతోని డిశ్చార్జ్ అయితే వాపసు తీసుకునే వీలు కూడ చట్టంల ఉంది.

ఇప్పుడు మన దిక్కు సంగతి. అమెరికా సిటిజన్ అయిన క్షణం 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద భారత పౌరసత్వం పోతది. ఇది అందరికీ తెలుసు, “ఓసీఐ తీసుకుంటం లే” అంటరు. ఇక్కడ ఆగండి. విదేశీ సైన్యంల పనిచేస్తున్నోళ్లకు, రిటైరైనోళ్లకు కూడ ఓసీఐ ఇయ్యరని మన సర్కారు నిబంధనలల్ల స్పష్టంగ ఉంది. అంటే రేపు తండ్రికి బాగలేకుంటే వరంగల్ రానీకి వాడు వీసా పెట్టుకొని రావాలె. నేను చేరద్దని చెప్తలేను, మా పిలగాడే చేరిండు. కానీ మా అక్కకు ఈ ముక్క సంతకానికి ముందే చెప్పినం. కొడుకు ఇంటికొచ్చే తొవ్వ మారుతదంటే తల్లికి తెల్వాలె కదా. ఇప్పటికే ఓసీఐ ఉన్న పిల్లలు చేరాలనుకుంటే ముందుగాల భారత కాన్సులేట్‌కు రాసి, జవాబు రాతల తీసుకోండి.

మిలిటరీ కోర్టు, బయటి కోర్టు

నా నౌకరీల సగం కోర్టుమార్షల్ కాగితాలు కుట్టుడే, అందుకని ఈ భాగం జర ఎక్కువ రాస్త.

మన దగ్గర 1950 ఆర్మీ చట్టం కింద నాలుగు రకాల కోర్టుమార్షల్‌లు ఉన్నయి. సమ్మరీ కోర్టుమార్షల్ల కమాండింగ్ ఆఫీసర్ ఒక్కడే కోర్టు. జవాను “నాకు ఈ కోర్టు వద్దు” అనలేడు. అమెరికా చట్టం కూడ 1950దే, 1951 నుంచి అమలు. వాళ్లవి మూడు రకాలు: సమ్మరీ, స్పెషల్, జనరల్. వాళ్ల సమ్మరీని సిపాయి కాదనొచ్చు. స్పెషల్, జనరల్ అయితే యూనిఫాం లాయరును సర్కారే ఉచితంగ ఇస్తది, సొంత పైసలతోని బయటి లాయరును కూడ పెట్టుకోవచ్చు. బయటి కోర్టుల జ్యూరీ అంత ఒక్క మాట మీద ఉంటేనే నేరం రుజువైనట్టు. మిలిటరీ జనరల్ కోర్టుల మరణశిక్ష లేని కేసుకు ఎనిమిది మంది కూసుంటరు, ముప్పావు వంతు ఒప్పుకుంటే చాలు. అందుకని “అమెరికాల ఒక్కడు కాదన్నా బయటపడుతం” అన్న మాట సిపాయికి చెల్లది.

చిన్న తప్పులకు ఆర్టికల్ 15 అని కమాండరే శిక్ష వేస్తడు: జీతం కోత, ర్యాంకు తగ్గింపు, అదనపు డ్యూటీ. ఇది కోర్టు శిక్ష కాదు. ఓడ మీద డ్యూటీల లేనోడైతే దీన్ని ఒప్పుకోకుంట కోర్టుమార్షల్ అడగొచ్చు. కోపంల అడగద్దు. కోర్టుల ఓడితే రికార్డు మీద నేరం ఎక్కుతది. ముందు ఉచిత లాయరును కలవాలె, సంతకం తర్వాత. ప్రశ్నలు అడిగేముందు ఏం నేరమో చెప్పి, మౌనంగ ఉండే హక్కు ఉందని చెప్పాలన్న నియమం అమెరికా సైన్యంల పోలీసుల కంటె ముందే వచ్చింది. ఆర్టికల్ 31 అంటరు. మన పిల్లలు పై ఆఫీసర్ అడిగిండని మర్యాదకు అన్నీ చెప్పేస్తరు. మర్యాద సెల్యూట్‌ల చూపెడితే చాలు.

సెలవు అయిపోయినా పెండ్లి సంబంధం చూసుడు కాలేదని ఇక్కడ్నే ఉండిపోతే? మన ఆర్మీల 30 రోజులు గైర్‌హాజర్ అయితే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూసుంటది. అక్కడ కూడ ఇంచుమించు 30 రోజులే: అప్పటి దాక సెలవు లేకుంట పోయినోడు, ఆ తర్వాత డెజర్టర్ అని రాసి వారెంట్ ఎక్కిస్తరు. తర్వాత విమానాశ్రయంలనో, రోడ్డు మీద పోలీసు లైసెన్సు చూసినప్పుడో పట్టుబడుతడు. తండ్రి దవాఖానల ఉంటే రెడ్‌క్రాస్ ద్వారా యూనిట్‌కు కబురు పంపే పద్ధతి ఉంది. అది వాడుకోండి, డాక్టర్ కాగితం పెట్టి సెలవు పొడిగింపు అడగండి.

డిశ్చార్జ్ మీద ఒక పెద్ద అపోహ ఉంది: చెడ్డ డిశ్చార్జ్ ఆర్నెల్లకు దానంతట అదే మంచిగ మారుతదని. మారది. 15 ఏండ్ల లోపల డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకు డీడీ ఫారం 293తోని దరఖాస్తు పెట్టి వాదించుకోవాలె. డీడీ-214 అనే విడుదల కాగితంల ఏం రాసి ఉందో సంతకానికి ముందే చదువుకోవాలె.

ఇగ ఆలుమగల పంచాయితీలు. “అల్లుడు ఆర్మీల ఉన్నడు, మా బిడ్డను కూడ మిలిటరీ కోర్టుల నిలబెడుతరా?” అని మొగిలిచెర్ల నుంచి వచ్చిన ఒకాయన అడిగిండు. నిలబెట్టరు. సిపాయిల భార్యల మీద మిలిటరీ కోర్టు నడపద్దని 1957లనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. విడాకులు కూడ రాష్ట్రం కోర్టులనే. కానీ అల్లుడు చెయ్యి చేసుకుంటే బిడ్డ రెండు దిక్కులా పోవచ్చు: కమాండర్ దగ్గర రక్షణ ఆర్డర్ అడగొచ్చు, బయటి కోర్టుల వేరేగ అడగొచ్చు. ఇంట్ల కొట్టిన కేసుల చిన్న శిక్ష పడ్డా 1996 చట్టం ప్రకారం వాడు తుపాకి పట్టద్దు, సిపాయికి కూడ మినహాయింపు లేదు. తుపాకి పట్టరాని సిపాయి నౌకరీ ఏమైతదో చెప్పే పనిలేదు. పెద్దమనుషులను కూసోబెట్టి సర్దిచెప్దామనుకునే ముందు ఇది రెండు కుటుంబాలకూ తెలిసి ఉండాలె.

లోన్లు, కిరాయి, కొలువు

సిపాయి అప్పులు మాఫీ కావు. చేరకముందు తీసుకున్న అప్పు మీద వడ్డీ ఆరు శాతం దాటకుండ చూసే చట్టం ఉంది, అడిగితేనే ఇస్తరు, ఆర్డర్ల కాపీ పెట్టి రాయాలె. హనుమకొండ బ్యాంకుల తీసుకున్న చదువు లోనుకు ఇది వర్తించది, అమెరికా చట్టం మన బ్యాంకు మేనేజర్ మీద నడవది.

అక్కడ ఇండ్లు కొని కిరాయికిచ్చిన మనోళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలె. బదిలీ ఆర్డర్ గానీ, 90 రోజులకు తక్కువ కాని డ్యూటీ ఆర్డర్ గానీ చూపెట్టి సిపాయి రాతల నోటీసు ఇస్తే, ఆ తర్వాత వచ్చే కిరాయి తారీఖు నుంచి 30 రోజులకు అగ్రిమెంట్ ఖతం. “ఏడాది అగ్రిమెంట్ కదా, జుర్మానా కట్టు” అనరాదు. కన్సల్టెన్సీలు నడిపేటోళ్లకు కూడ: రిజర్వుల ఉన్న ఉద్యోగి డ్యూటీకి పోయొస్తే, మొత్తం అయిదేండ్లు దాటనంత వరకు, కొలువు తిరిగి ఇయ్యాల్సిందే. పదిమంది ఉన్న కంపెనీ అయినా అంతే.

బయటి కోర్టుల కేసయితే

జైలా, మిలిటరీనా అనే మాట ఇడిసిపెట్టండి. కేసు నడుస్తున్నోణ్ని చేర్చుకోరు. జైలుకు బదులు ఆర్మీకి పో అని జడ్జి పంపినా ఆర్మీ నిబంధనలు ఒప్పుకోవు.

అసలు ప్రమాదం వేరే దగ్గర ఉంది. దుకాణంల చిన్న వస్తువు బిల్లు కట్టకుంట తెచ్చిండని కేసయితది. టెక్సాస్‌ల లాయరు “డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకో, ఏడాది బుద్ధిగ ఉంటే కేసు కొట్టేస్తరు” అంటడు. పుట్టుకతోని సిటిజన్ అయినోనికి అది మంచి బేరమే. వీసా మీదనో, గ్రీన్ కార్డు మీదనో ఉన్నోడు నేరం ఒప్పుకొని అది తీసుకుంటే, రాష్ట్రం రికార్డుల కేసు కొట్టేసినా ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని శిక్షగనే లెక్కపెడుతది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపే ప్రమాదం ఉందా అన్నది క్రిమినల్ లాయరు చెప్పి తీరాలని 2010ల సుప్రీంకోర్టు చెప్పింది. అడగండి, రాతల తీసుకోండి, ఇమ్మిగ్రేషన్ లాయరుకు కూడ చూపెట్టండి. క్రిమినల్ కోర్టుల పైసలు లేనోనికి సర్కారు లాయరును ఇస్తది, ఇమ్మిగ్రేషన్ కోర్టుల ఇయ్యది.

ఈ రెండు కోర్టుల తేడా 2019 జనవరిల మన ఊర్లల్ల తెలిసొచ్చింది. మిషిగన్‌ల ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అధికారులే పెట్టిన ఉత్తుత్తి కాలేజీల చేరిన విద్యార్థులను పట్టుకున్నప్పుడు, వాళ్లను చేర్పించిన ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసు పెట్టిన్రు. విద్యార్థుల మీద మాత్రం ఇమ్మిగ్రేషన్ చర్య. ఇక్కడ టీవీల అందరినీ “అరెస్ట్” అనే ఒక్క గాటికి కట్టిన్రు.

జ్యూరీ డ్యూటీకి రమ్మని ఉత్తరం వచ్చినా భయపడద్దు, పారెయ్యద్దు. లైసెన్సు జాబితాల నుంచి పేర్లు తీస్తరు గనుక వీసా వాళ్లకూ వస్తది. “సిటిజన్ కాదు” అని గుర్తు పెట్టి వాపసు పంపాలె. లైసెన్సు ఆఫీసుల ఓటరుగ చేరుతవా అని అడిగితే సిటిజన్ కానోడు అవునని ఎన్నడూ అనద్దు. సిటిజన్ కాకుంటనే అవునన్నోనికి క్షమాపణ దొరకని చట్టం ఇది.

2025 జూన్ల లాస్ ఏంజెలెస్ రోడ్ల మీద నేషనల్ గార్డ్ సిపాయిలను టీవీల చూసి, అమెరికాల మిలిటరీ పాలన వచ్చిందని ఫోన్లు వచ్చినయి. రాలేదు. సైన్యం పోలీసు పని చెయ్యద్దని 1878 నుంచి వాళ్లకు చట్టం ఉంది. దాని మినహాయింపుల మీద వాళ్లల్ల వాళ్లే కోర్టుల కొట్లాడుతున్నరు. విదేశీయుల కాగితాలు చూసి పట్టుకునే ఐస్ అనేది సైన్యం కాదు.

అర్ధరాత్రి “పట్టుకపోయిన్రు” అని ఫోన్ వస్తే అడగాల్సినవి ఇవి. ఎవరు పట్టుకున్నరు: కౌంటీ పోలీసా, మిలిటరీ పోలీసా, ఐసా? ఏ ఊరు, ఏ కౌంటీ (మన జిల్లా లెక్క)? ఏ నెంబర్‌తోని కేసు? ఐస్ అయితే ఇంగ్లీషు “A” అక్షరంతోని మొదలయ్యే నెంబరు రాసుకోండి. ఆ నెంబరు, పుట్టిన దేశం కొడితే ఎక్కడ పెట్టిన్రో ఐస్ వెబ్‌సైటుల తెలుస్తది. మన పాస్‌పోర్టు ఉన్నోడైతే భారత కాన్సులేట్‌కు తెలియజెయ్యమని వాడే నోరు తెరిచి అడగాలె, అడగకుంటే వాళ్లంతట వాళ్లు చెప్పాలన్న నియమం మన దేశానికి లేదు. టెక్సాస్ వాళ్లకు హ్యూస్టన్ కాన్సులేట్. సిటిజన్ అయినోని కోసం మాత్రం అక్కడికి ఫోన్ చేసి లాభం లేదు, నేరుగ లాయరును పట్టండి.